తొమ్మిదింబావుకు కాస్త తక్కువ

లోపలికి రా డెస్మండ్, కాళ్ళు తుడుచుకో.
కిడర్‌మిన్‌స్టర్ వాన నా నేలకి అక్కర్లేదు,
ఇనుముకి అసలే అక్కర్లేదు.
ఆ స్టూలు మీద కూర్చో. కుర్చీలో పిల్లి ఉంది, లేవదు.

నీ ఉత్తరం చదివాను.
పదిన్నర కంప్రెషన్, ఎత్తు తల పిస్టన్లు అని రాసి
కింద రెండు గీతలు కొట్టావు.
నీ బండి, నీ డబ్బు, కాదనను.
కొలిచాక మాట్లాడదామని
నిన్న రాత్రి పదిదాకా ఇక్కడే ఉన్నాను.

సిలిండరు హెడ్డుని వెల్లకిలా పడుకోబెట్టి
వాల్వులు మూసి, అంచుకి గ్రీజు రాసి, పలక అంటించి
దాని చిల్లులోంచి కిరసనాయిలు
బ్యూరెట్‌తో చుక్కచుక్కగా వదిలాను,
పసిబిడ్డకి ఉగ్గు పట్టినట్టు.
మూలన గాలిబుడగ ఒకటి, శనగగింజంత.
అది పోయేదాకా లెక్క లెక్క కాదు.
మొదటి గిన్నె, మూడో గిన్నె ఒక్కలాగే తాగాయి.
నాలుగోది అర సీసీ ఎక్కువ. ఎవరో ఎప్పుడో గీకారు.
రెండోదాని సంగతి తర్వాత చెబుతా.

ఈ ఇంజనుది ట్రాక్టరు వంశం, తెలుసుగా.
దీని మేనమామలు బంగాళాదుంప చేలు దున్నారు.
ఎర్ర రంగేసి రెండు సీట్లు పెట్టినంత మాత్రాన
రక్తం మారదు.
దీనిలో మంచి గుణం ఒకటుంది:
సిలిండరు గోడల్ని గాజులు మార్చినట్టు మార్చుకోవచ్చు.
ఎనభై ఆరు తీసి ఎనభై ఏడు మిల్లీమీటర్ల జత వేశామనుకో,
హెడ్డుని వెంట్రుకంత కూడా చెక్కకుండానే
తొమ్మిది తనంతట తానే
తొమ్మిది పాయింట్ రెండు అవుతుంది.
వచ్చే చుట్టాలు పెరిగి గది అంతే ఉంటే
ఇరుకు పెరగదూ? అంతే, ఇంకేం లేదు.

పాయింట్ రెండేనా అని నవ్వకు.

ఇదిగో, రెండోది. ఆ గుడ్డ విప్పు.
మీ పెదనాన్న క్లెమెంట్ బండిలోంచి మొన్న తీశాను.
నడినెత్తిన చిల్లు. చిటికెన వేలు పెట్టి చూడు.
అంచులు కొవ్వొత్తిలా కారి గట్టిపడ్డాయి.
కొండ ఎక్కేటప్పుడు
డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు మోగి ఉంటుంది.
ఆయన రేడియో పెంచి ఉంటాడు.

తిప్పు. లోపలివైపు. మసి తుడువు.
ఇ, పి. రెండక్షరాలు, వంకరగా.
ఆ సుత్తిదెబ్బ నాది, డెస్మండ్.
డెబ్బై నాలుగు. నాకు ఇరవై ఆరు.
లేత్ ముందు ఆడపిల్ల నిలబడిందంటే చూడ్డానికి
కార్పెట్ మిల్లు నుంచి జనం వచ్చే రోజులు.
క్లెమెంట్ పదిన్నర అన్నాడు.
పదకొండు అన్నది నేను.
తెగేదాకా లాగకు అని ఎవరూ అనలేదు,
అన్నా వినేదాన్ని కాదు.

అప్పట్లో బంకులో ఐదు నక్షత్రాల పెట్రోలు పోసేవాళ్ళు.
దాంతో ఆ ఇంజను ఎంత హాయిగా తిరిగిందనీ!
తర్వాత ఆ పెట్రోలు పోయింది.
పంపులు మారాయి, పిస్టన్లు మారలేదు.
ఒక ఫోను చేసి చెప్పాల్సింది.
రశీదు పుస్తకంలో ఆయన నంబరు ఉంది.
చెయ్యలేదు.

సరే. నీకేం కావాలో చెప్పు, అంకె కాదు.
ట్రాకు మీద నాలుగు చుట్లా?
పక్కన మీ ఆవిడ, కాళ్ళ దగ్గర ఫ్లాస్కు,
మూడో గేరులో ఆగకుండా క్లీ కొండ పైకా?
కొండయితే చదును తలలు చాలు.
ఒక్కోదాన్నీ తూచి,
బరువైనదాన్ని తేలికదానికి సమంగా గీకి ఇస్తాను.
పదిన్నరే అంటావా, అదీ చేస్తాను.
కానీ ఈసారి అక్షరాలు కొట్టను.

ఇప్పుడే చెప్పక్కర్లేదు, ఇంటికెళ్ళి ఆలోచించు.
వెళ్ళేముందు ఆ దీపం కాస్త ఇటు పట్టుకో.
నాలుగో గిన్నెలో
ఆ బుడగ మళ్ళీ ఉన్నట్టుంది.